జ్వరం సంగతి మేం చెప్పలేదు

మాది కావలి దగ్గర పల్లె. పోయినేడు మా తమ్ముడికి నాలుగు రోజులు జ్వరం కాసింది. ఆర్‌ఎంపీ సూది వేస్తే తగ్గినట్టే తగ్గింది. ఐదో రాత్రి లేచి కూర్చుని, "అన్నా, ఎవరో టైరు కాలుస్తున్నారు, వాసన రావట్లా?" అన్నాడు. మాకే వాసనా రాలేదు. తెల్లారేసరికి గోడ వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అమ్మ అన్నం కలిపి పెడితే, విషం పెట్టావంటూ కంచం విసిరేశాడు.

గాలి సోకిందన్నారు ఊళ్లో. ఏఎస్‌పేట దర్గాకు తీసుకెళ్లి ఒక రాత్రి పడుకోబెట్టాం. అమ్మకు కాస్త ధైర్యం వచ్చింది అక్కడే, అందుకే ఆ నమ్మకాన్ని తప్పుపట్టను. తర్వాత వెళ్లిన ఆస్పత్రిలో ఐదు నిమిషాలు చూసి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బని మాత్రలు రాశారు. జ్వరం సంగతి వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇప్పటికీ నన్ను తొలిచేది అదే.

నెల్లూరులో మానసిక వైద్యురాలు ముందు అడిగిందే అది: "దీనికి ముందు జ్వరమేమైనా వచ్చిందా?" తర్వాత బల్ల మీది తాళంచెవి చూపించి ఇదేంటన్నారు. వాడు చాలాసేపు చూసి, "అదే... తలుపుది" అన్నాడు. డిగ్రీ చదివే పిల్లోడు! అప్పటికప్పుడే న్యూరాలజీకి పంపారు. ఎమ్మారై తీశారు. వెన్నులోంచి నీరు తీసి వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్షకు ఇచ్చి, రిపోర్టు రాకముందే మందు ఎక్కించారు. హెర్పిస్ వైరస్, పెదవి మీద పొక్కులు తెచ్చేదే, మెదడుకు ఎక్కింది. అది ఎక్కువగా కణతల లోపలి భాగాన్ని పట్టుకుంటుందట. జ్ఞాపకం, మాట, వాసన అన్నిటికీ ఆ భాగమే కావాలి. ఎసైక్లోవిర్ 21 రోజులు, ఎనిమిది గంటలకోసారి నరంలోకి. 63 సార్లు. అమ్మ మందుల చీటీ వెనక గీతలు గీస్తూ లెక్కపెట్టింది.

1918 ఫ్లూ తర్వాత ఇలాగే మతి చెదిరినవాళ్లను అమెరికాలో మెనింగర్ అనే డాక్టరు రాసిపెట్టాడని, వాళ్లలో చాలామంది కోలుకున్నారని ఆ మానసిక వైద్యురాలు చెప్పారు. అలాగని స్కిజోఫ్రీనియా అంతా వైరస్ వల్లేనని ఎవరూ తేల్చలేదు, మావాడిది వేరే జబ్బని కూడా నొక్కి చెప్పారు. హెర్పిస్ తగ్గిన కొన్ని వారాలకు ఒంట్లో రోగంతో పోరాడే యాంటీబాడీలే మెదడు మీద పడొచ్చట, ప్రవర్తన మళ్లీ మారితే ఆలస్యం చేయొద్దన్నారు.

అలా జరగలేదు. ఇంకా పేర్లు మర్చిపోతుంటాడు, ఫిట్స్ మాత్ర నడుస్తోంది. వచ్చే వారం మళ్లీ చూపించాలి. జ్వరం ఏ రోజున మొదలైందో, మాట ఏ రోజున తేడా వచ్చిందో అన్నీ తేదీలతో రాసిన కాగితం ఫైల్లో మొదటే పెట్టాను.