ఎలక్ట్రీషియన్ సంచి: ఏది ఏ జేబులో, ఎందుకు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల పనికి తిరిగే చాలామంది సంచుల్లో సగం బరువు వాడని సామానుదే. కావలసిన టెస్టరేమో అడుగున ఎక్కడో ఉంటుంది. నా సంచిని మొదటి నుంచి మళ్లీ సర్దుకున్నప్పుడు ఏది ఉంచానో, ఏది తీసేశానో, ఎందుకో రాస్తున్నాను. ఇళ్ల వైరింగు, నీళ్ల మోటార్లు, రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు), ఈ మూడు పనులకూ సరిపోయే సంచి ఇది. ఏసీలు, లిఫ్టులు చేసేవాళ్ల లెక్క వేరు.

ముందు ఉన్నదంతా పాత దుప్పటి మీద కుమ్మరించి మూడు కుప్పలు చేశాను. ఏ ఇంటికి వెళ్లినా చేతికొచ్చేవి ఒక కుప్ప, వారంలో ఎప్పుడో ఒకసారి కావలసినవి రెండోది, మిగతావి మూడోది. మొదటి కుప్పే భుజాన వేసుకునే సంచిలోకి వెళ్లింది. డ్రిల్లింగ్ మెషీను, 6, 8 ఎంఎం బిట్లు, హాక్సా, పైపులో వైరు లాగే స్ప్రింగు, 500 వోల్టుల మెగ్గరు (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) బండి పెట్టెలోకి పోయాయి. మూడో కుప్ప ఇంట్లోనే ఉండిపోయింది. ఇలా విడగొట్టాక సంచి బరువు ఆరేడు కిలోలకు దిగింది. అంతకు మించితే నిచ్చెన దగ్గరికి సంచిని తీసుకెళ్లడం మానేసి, ఒక్కో పనిముట్టుకూ దిగి రావడం మొదలవుతుంది.

సంచి కొనేటప్పుడు రంగు, జేబుల సంఖ్య చూసి మోసపోకూడదు. రెగ్జిన్ సంచి మన ఎండలకు మడతల దగ్గర పగిలిపోతుంది. మామూలు కాన్వాసు నవంబరు వానల్లో ఒకసారి తడిసిందంటే రెండు రోజులు ఆరదు, లోపల సామాను తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ పెట్టె గట్టిదే కానీ బండి మీద గడగడలాడుతుంది, మీటరుకు ఆ అదురు మంచిది కాదు. నేను తీసుకున్నది మందపాటి నైలాన్ గుడ్డ, అడుగున గట్టి రబ్బరు, మూతి దగ్గర ఇనుప చట్రం ఉన్న 16 అంగుళాల సంచి. చట్రం ఉంటే మూతి తెరిచాక తెరిచినట్టే నిలబడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. దుకాణంలో మూడు చోట్ల చెయ్యి పెట్టి చూడాలి. పట్టీ సంచి అడుగు కిందుగా చుట్టి వచ్చిందా, లేక పక్కన కుట్టి వదిలేశారా? స్క్రూడ్రైవర్ల జేబుల అడుగున గుడ్డ రెండు పొరలుందా? జిప్పు పళ్లు ప్లాస్టిక్‌వా, లోహానివా? సముద్రం గాలికి లోహపు జిప్పు తొందరగా పట్టేస్తుంది.

ఇక సర్దడం. నేను పెట్టుకున్న నియమం ఒకటే. కరెంటు ఉందో లేదో చెప్పే సామానుకు మొదటి చోటు. ముందు జేబు పూర్తిగా దానికే. టెస్టర్, టెస్ట్ ల్యాంపు, క్లాంప్ మీటరు (వైరును దవడతో చుట్టి ఆంపియర్లు చూపేది) తప్ప ఆ జేబులో ఇంకేదీ పడకూడదు, పెన్సిలు కూడా.

నియాన్ టెస్టర్ తేలికైనది, చవకైనది, అందరి దగ్గరా ఉండేది. కానీ దాని ఒక్క మాట మీద వైరు పట్టుకోకూడదు. ఎండిన చెక్క స్టూలు మీద నిలబడితేనో, మందపాటి రబ్బరు చెప్పులు వేసుకుంటేనో కరెంటు ఉన్నా సరిగ్గా వెలగకపోవచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో వెలిగినా కనపడదు. పక్కన నడిచే వైరు ప్రభావంతో ఖాళీ వైరు మీదా మసకగా వెలుగుతుంది. న్యూట్రల్ తెగితే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది, అనుభవం లేనివాడు రెండు ఫేజులు వచ్చాయనుకుంటాడు.

అందుకే పక్కన టెస్ట్ ల్యాంపు. హోల్డరు, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, రెండు వైపులా మీటరున్నర ఫ్లెక్సిబుల్ వైరు, చివర ఇన్సులేషన్ ఉన్న ప్రోబులు. ప్రోబు మొనలో మూడు నాలుగు మిల్లీమీటర్ల లోహం మాత్రమే బయటికి కనపడాలి, మిగతాది స్లీవు తొడిగేయాలి. లేకపోతే ఇరుకు బోర్డులో పక్క టెర్మినల్‌కు తగిలి షార్టవుతుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, పక్క వైరు ప్రభావంతో వచ్చే దొంగ వోల్టేజికి కూడా మినుకుమంటుంది. ఫిలమెంట్ బల్బు నిజమైన లోడు తీసుకుంటుంది, దొంగ వోల్టేజి దాని ముందు నిలవదు. త్రీ ఫేజ్ స్టార్టర్ల దగ్గర రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉంటాయి కాబట్టి ఒక్క బల్బు పెడితే పగిలిపోతుంది. ఒకే వాట్ల బల్బులు రెండు సిరీస్‌లో కట్టిన ల్యాంపు విడిగా పెట్టుకున్నాను. ఇంకో సంగతి. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) ఉన్న ఇంట్లో ఫేజ్‌కు, ఎర్తుకు మధ్య ల్యాంపు పెడితే అది ట్రిప్పవుతుంది. 60 వాట్ల బల్బు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, ఆర్‌సీసీబీ 30కే పడిపోతుంది. అది లోపం కాదు, బాగా పనిచేస్తోందనడానికి గుర్తు.

క్లాంప్ మీటరు మీద క్యాట్ 3 (మీటరు భద్రతా తరగతి), 600 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసి తీసుకోవాలి, మెయిన్ బోర్డు దగ్గర పనికి అది కనీసం. దవడలో ఒక్క వైరునే పెట్టాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది. 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ ఏరేటరు మోటారు ఒక్కో ఫేజులో సుమారు మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక ఫేజులో ఏమీ రాక, మిగతా రెండిట్లో ఐదు, ఆరు చూపిస్తుంటే వెంటనే ఆపేయాలి, వైండింగు కాలిపోతుంది. "అన్నా, మోటారు మూలుగుతోంది గానీ తిరగడంలా" అని ఫోన్ వచ్చిందంటే నేను ముందు చూసేది ఇదే. మామూలు మల్టీమీటరు వాడేవాళ్లు ఆంపియర్ల రంధ్రంలో వైరు వదిలేసి వోల్టేజి చూడటం వల్ల ఫ్యూజు ఎగిరిపోతుంది, చవక మీటరైతే చేతిలోనే పేలొచ్చు. జేబులో పెట్టే ముందు వైర్లు వోల్టు, కామన్ రంధ్రాల్లోకి మార్చి ఉంచాలి. ఆ వైర్లను మీటరుకు బిగుతుగా చుట్టకూడదు, ప్లగ్గు మొదట్లో లోపలి తీగ తెగుతుంది, పైకి కనపడదు. వదులుగా రింగులా చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే చాలు.

కరెంటు ఆపాక కూడా మూడు సార్లు చూడటం నా పద్ధతి. కరెంటు ఉన్న చోట టెస్టర్ వెలుగుతుందో చూస్తాను, తర్వాత పనిచేసే చోట చూస్తాను, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి టెస్టర్ మధ్యలో చెడిపోలేదని తేల్చుకుంటాను.

అదే జేబు పక్కన చిన్న తాళాలు రెండు, "పని జరుగుతోంది, వేయవద్దు" అని రాసిన అట్టముక్క ఉంటాయి. కట్‌అవుట్లు (ఫ్యూజు పెట్టే హోల్డర్లు) ఉన్న చోట ఫ్యూజులు పీకి నా జేబులో వేసుకుంటాను, ఎవరి చేతికీ ఇవ్వను. రొయ్యల చెరువుల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. అక్కడ కరెంటు పోతే డీజిల్ జనరేటరు వేస్తారు, ఎందుకంటే రాత్రిపూట ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి రొయ్య చనిపోతుంది. మెయిన్ ఆపామని చెరువులోకి దిగితే, ఎవరో చేంజోవర్ స్విచ్చిని జనరేటరు వైపు తిప్పేస్తారు. అందుకని తాళం మెయిన్‌కే కాదు, చేంజోవర్‌కూ పడాలి. ఇళ్లలో ఇన్వర్టరుదీ ఇదే కథ. మెయిన్ ఆపినా ఫ్యాన్లు, లైట్ల లైన్లలో కరెంటు అలాగే ఉంటుంది. తాళాలు రెండు పెట్టుకోవడం అందుకే.

చేతి పనిముట్లు లోపలి గోడ జేబుల్లో ఉంటాయి. 8 అంగుళాల కటింగ్ ప్లేయరు, 6 అంగుళాల నోస్ ప్లేయరు, సైడ్ కట్టరు, స్ట్రిప్పరు. ఈ నాలుగూ పిడి పైకి, ఎప్పుడూ ఒకే వరసలో. ప్లేయరు పిడికి ఉన్న ప్లాస్టిక్ తొడుగు అంతా ఇన్సులేషన్ అనుకోకూడదు. 1000 వోల్టులు అనీ, రెండు త్రిభుజాల గుర్తూ ఉన్నదే ఆ పనికి పరీక్షించింది. మిగతావి పట్టు కోసం వేసిన తొడుగులు. తొడుగు చిరిగితే దాని మీద టేపు చుట్టి వాడకూడదు.

వైరు తొక్క కట్టరుతో తీసే అలవాటు పోవాలి. లోపలి రాగి మీద గాటు పడుతుంది, రెండు మూడు పోగులు తెగుతాయి, లోడు పెరిగినప్పుడు సరిగ్గా అక్కడే వేడెక్కి నల్లబడుతుంది. స్ట్రిప్పరుతో 10 నుంచి 12 మిల్లీమీటర్లు తీసి, పిన్ లగ్గు (వైరు కొసకు నొక్కే లోహపు మొన) వేసి, ఎంసీబీలో (లోడు మించితే పడిపోయే స్విచ్చి) బిగిస్తే ఆ చోట మళ్లీ చూడనక్కరలేదు. స్క్రూడ్రైవర్లు నాలుగు చాలు: సన్న మొనది, మధ్యస్థం ఫ్లాటు, స్టార్ రెండు సైజులు. ఫ్లాటు పిడికి ఎర్ర టేపు, స్టార్‌కు నీలం టేపు చుట్టి పెడితే మొన కిందికి ఉన్నా ఏదేదో తెలుస్తుంది. సైజు కుదరని స్టార్‌తో ఎంసీబీ స్క్రూ తిప్పితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంసీబీనే మార్చాలి. మోటారు టెర్మినళ్లకు 8, 10 స్పానర్లు, ఆపైన 12-13 ఒకటి. సుత్తి, ఉలి సంచి అడుగున.

చిల్లర సామానుకు గళ్ల డబ్బా ఒకటి. 1.5, 2.5 చదరపు ఎంఎం వైర్ల పిన్ లగ్గులు పాతికేసి, కనెక్టరు స్ట్రిప్పు, 25, 35 ఎంఎం స్క్రూలు, రావల్ ప్లగ్గులు, 6, 16 ఆంపియర్ల స్విచ్చీ సాకెట్టూ ఒక్కోటి, 16 ఆంపియర్ల ఎంసీబీ ఒకటి, ఫ్యాన్ కెపాసిటర్లు 2.5, 3.15 మైక్రోఫారడ్‌లవి రెండేసి. ఎండాకాలంలో ఫ్యాను నెమ్మదించిందన్న ఫోన్లలో చాలావాటికి మందు ఈ కెపాసిటరే, అయితే తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఇది వర్తించదు. ఫ్యాను దించి ఎక్కించే పనికి స్ప్లిట్ పిన్నులు కొత్తవి కొన్ని ఉండాలి. పాత పిన్ను మళ్లీ మళ్లీ వంచితే విరుగుతుంది, కింద మంచం ఉంటుంది.

ఇదే డబ్బాలో ఒక గడిని బైమెటల్ లగ్గులకు (ఒక వైపు అల్యూమినియం, మరో వైపు రాగి ఉన్నవి) ఇచ్చాను. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియం, లోపలిది రాగి. రెండూ కలిపి మెలిపెట్టి టేపు చుడితే మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పు తేమకు ఆ జాయింటు తెల్లటి పొడిలా తినుకుపోతుంది. ఫ్యాన్ల వేగం తగ్గుతూ పెరుగుతూ ఉండటం, బల్బులు మినుకుమనడం అక్కడి నుంచే. టేపు విప్పి చూస్తే తెలుస్తుంది.

నిచ్చెన ఎక్కేటప్పుడు సంచి కిందే ఉంటుంది. నడుముకు చిన్న పౌచ్, అందులో టెస్టర్, ప్లేయరు, రెండు వైపుల స్క్రూడ్రైవరు, టేపు, గుప్పెడు స్క్రూలు. అంతే. ప్లేయరు పిడికి నైలాన్ తాడు కట్టి పౌచ్‌కు ముడేస్తే, చెయ్యి జారినా నిచ్చెన పట్టుకున్నవాళ్ల తల మీద పడదు.

తీరం పక్క పనిచేసేవాళ్లకు చివరి పని తుప్పుతో. చెరువు మీద పని అయిన రోజు సాయంత్రం ప్లేయరు కీలు దగ్గర చూడండి, సన్నటి ఎర్రటి గీత కనపడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, కీలులో కుట్టు మిషను నూనె ఒక చుక్క వేసి, పదిసార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నూనె మళ్లీ తుడిచేయాలి. తుడవకపోతే పిడి జారుతుంది, దుమ్ము అంటుకుంటుంది. మీటరు మీద మాత్రం ఏ స్ప్రే కొట్టకూడదు. కొన్నాళ్లు వాడనప్పుడు బ్యాటరీ తీసేయాలి, కారితే కాంటాక్టులు తినేస్తుంది.

రబ్బరు గ్లోవ్స్ నూనె ఉన్న జేబులో పెట్టకూడదు, నూనెకు రబ్బరు మెత్తబడి పాడవుతుంది. అవి పై జేబులో, మడవకుండా, విడిగా ఉంటాయి. ఐఎస్ 4770 (కరెంటు పనికి వాడే రబ్బరు గ్లోవ్స్ ప్రమాణం) ముద్ర ఉన్నవే తీసుకున్నాను. వేసుకునే ముందు ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి, లోపల గాలి బిగబట్టి, వేళ్లు ఉబ్బాక చెంప దగ్గర పెట్టుకుని చూస్తాను. ఎక్కడ గాలి తగిలినా ఆ జత అప్పుడే కత్తిరించి పారేస్తాను, ఇంకెవరూ ఏరుకుని వేసుకోకుండా.