తాతయ్య శృతికి విమానం

ఈసారి వైజాగ్ వచ్చేటప్పుడు మావాడి సూట్‌కేస్‌లో సగం జాయ్‌స్టిక్కూ, ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ పెట్టే. అమ్మ కోసం కొన్న పెనం డల్లాస్‌లోనే వదిలేయాల్సొచ్చింది, ఆ కోపం నాకింకా చల్లారలేదు. పదమూడేళ్ళొచ్చాయి, సెలవుల్లో అమ్మమ్మగారింటికొచ్చి కూడా కంప్యూటర్లో విమానం నడుపుతానంటాడేంటి అని.

సీతమ్మధారలో మా ఇంట్లో ఏసీ ఒక్క గదిలోనే ఉంది, అది నాన్నది. జూన్‌లో వైజాగ్ ఉక్క తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వానా పడదు గాలీ ఆడదు, స్నానం చేసి బయటికొచ్చేలోపే ఇంకో స్నానానికి రెడీ. అందుకని మావాడి లాప్‌టాప్ మూడో రోజుకే నాన్న గదిలోకి చేరింది. నాన్న మధ్యాహ్నం మూడింటికి పడక్కుర్చీలో పడుకుని ఫోన్లో కచేరీ పెట్టుకుంటారు. షిప్‌యార్డ్‌లో రిటైరైన దగ్గర్నుంచీ అదే డ్యూటీ. ఈయన కచేరీ, వాడి ఇంజిన్ మోత, ఒకే గదిలో ఎలా కుదురుతుందిరా దేవుడా అనుకున్నాను.

ఇక్కడ నా పాత గాయం ఒకటి చెప్పాలి. వీడికి ఏడేళ్ళప్పుడు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం క్లాసులో చేర్పించాను, ప్రతి శనివారం పొద్దున్నే. సరళీ వరుసలు, జంట వరుసలు, ఈడ్చుకుంటూ అలంకారాల దాకా వచ్చాం. పదేళ్ళకి లాప్‌టాప్ మూసేసి "ఇట్స్ యువర్ మ్యూజిక్ మమ్మీ, నాట్ మైన్" అన్నాడు. ఆ రోజు నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను, నిజంగానే. నాకేమన్నా వచ్చి ఏడిచానా అంటే నాకూ రాదు, చిన్నప్పుడు నాన్న నేర్పిస్తానంటే తప్పించుకుని కైలాసగిరికి పోయిన బాపతు నేను.

సరే, గదిలో సంగతి. ఆ రోజు హెడ్‌ఫోన్స్‌కి చెవులు చెమటలు పడుతున్నాయని తీసి పక్కన పడేశాడు. తెర మీద వాడి సెస్నా 172, ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం, రాజమండ్రిలో లేచి మెల్లగా వైజాగ్ వైపు వస్తోంది. నాన్న ఫోన్లో ఎవరో కల్యాణి ఆలాపన ఎత్తుకున్నారు. నేను గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తున్నా. నాన్న కళ్ళు మూసుకునే అన్నారు,

"ఒరే, కాస్త దించురా."

వీడు సౌండ్ తగ్గించాడు.

"అది కాదురా. వాల్యూమ్ కాదు. ఆ మోత కొంచెం పైన పలుకుతోంది, కిందకి దించు."

వీడికి అర్థమైందో లేదో గాని థ్రాటిల్ కొంచెం వెనక్కి లాగాడు. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే ముల్లు 2,300 నుంచి 2,250కి వచ్చింది. "ఇంకాస్త." 2,200. "ఆఁ, అక్కడుంచు. ఇప్పుడు శృతిలో కూర్చుంది." మళ్ళీ కల్యాణిలోకి వెళ్ళిపోయారు.

మావాడు నా వైపు చూసిన చూపుంది చూడండి, తాతయ్యకి మతిపోయిందా అన్నట్టు. కాని ఊరుకోలేదు, ఫోన్లో ట్యూనర్ యాప్ తీసి పెట్టాడు, తర్వాత కాగితం తీశాడు. రాత్రి అన్నాల దగ్గర మొదలెట్టాడు, సగం తెలుగూ సగం ఇంగ్లీషూ. ఆ ఇంజిన్‌కి నాలుగు సిలిండర్లట, ఒక్కోటీ రెండు చుట్లకోసారి పేలుతుందట, అంటే చుట్టుకి రెండు పేలుళ్ళు, ముందున్న ఫ్యాన్‌కీ రెక్కలు రెండే. 2,200ని రెండుతో గుణించి అరవైతో భాగిస్తే సెకనుకి 73. తాతయ్య వింటున్న కచేరీ రెండు శృతి, అంటే దాని ఆధార స్వరం షడ్జమం, అదే స, సెకనుకి 147 కదలికల దగ్గర. దానికి సరిగ్గా సగం, అంటే కింది స్థాయి షడ్జమం, 73. "హి వాజ్ రైట్ మమ్మీ!" అంటున్నాడు, అన్నం పిసుకుతూ, పప్పు చల్లారిపోతోందని అమ్మ గొణుగుతూ.

నాన్న మాత్రం "అందులో ఏటుందిరా, తంబూరా పక్కన కూర్చున్నోడికి ఆ మాత్రం తెలీదేటి" అని మజ్జిగ పోసుకున్నారు.

అక్కణ్ణుంచి ఇద్దరికీ అదొక పిచ్చైపోయింది. మర్నాడు వీడు విమానం స్పీడు తగ్గించేస్తే కీచుమని ఒక కూత మొదలైంది, స్టాల్ హార్న్ అంట, ఇక పడిపోతావు జాగ్రత్త అని చెప్పేది. నాన్న లేచి కూర్చున్నారు, "ఇది రీడ్ కదరా" అని, గాలికి అదిరి పలికే పల్చటి రేకన్నమాట. నిజమే, సెస్నా 172లో ఎడమ రెక్క అంచున చిన్న కన్నం ఉంటుందట, స్టాల్ దగ్గరపడితే గాలి ఆ కన్నంలోంచి బయటికి లాగేస్తుంది, ఆ పీల్పుకి లోపలున్న రీడ్ కూస్తుంది. కరెంటు అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. నాన్న నా చేత అటక ఎక్కించి పాత శృతిపెట్టె దింపించారు, దుమ్ము దులిపి, వెనక చెక్క విప్పి, ఇత్తడి రీడ్‌ని వేలితో మీటి వాడికి చూపించారు. రెండు తలకాయలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి గంటసేపు. నేను మూడేళ్ళు ఫీజులు కట్టి చెయ్యలేనిది ఒక కీచు కూత చేసింది.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ సాయంత్రం వీడు స్నానానికెళ్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు, వింటే కల్యాణిలాగే ఉంది. ఆగలేకపోయాను. "మళ్ళీ క్లాస్‌లో చేరతావా నాన్నా, కొత్త టీచర్ని చూస్తాను" అన్నాను. అంతే, కూనిరాగం ఆగిపోయింది. రెండు రోజులు హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఆడాడు. నాన్న నన్ను వంటింట్లోకి పిలిచి, "వాడు వింటున్నాడు కదే, విననీ. ప్రతిదాన్నీ పట్టుకెళ్ళి బడిలో వేసేస్తావేటి" అన్నారు. నలభై రెండేళ్ళొచ్చినా నాన్న చేత తిట్లు తినడం ఎలా ఉంటుందో తెలుసుగా.

మూడో రోజు హెడ్‌ఫోన్స్ వాడే తీశాడు. నేను ఆ గది వైపు వెళ్ళలేదు, వినపడేంత దూరంలో మాత్రం ఉన్నాను.

ఇద్దరూ కలిసి బీచ్ రోడ్డులో టీయూ 142 చూడ్డానికెళ్ళారు. నేవీలో 29 ఏళ్ళు పనిచేసి 2017లో రిటైరైన విమానం, ఇప్పుడు మ్యూజియం. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికీ ఒకదాని వెనక ఒకటి రెండేసి ఫ్యాన్లు, అవి ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. ఇది మాత్రం ఏ శృతికీ లొంగదని ఇద్దరూ తీర్మానం చేసుకొచ్చారు, ముంతమసాలా తింటూ.

మేం బయల్దేరడానికి ముందు రోజు జరిగింది చెప్తాను. సాయంత్రం, రాజమండ్రి నుంచి వస్తున్నాడు, 88 నాటికల్ మైళ్ళు, ఆ 2,200 మీద దాదాపు గంట. నాన్న ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ పెట్టారు. మా తాతగారు విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఆయన కచేరీ ఎదురుగా కూర్చుని విన్నారని మా ఇంట్లో గొప్ప. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్, ద్వారంవారు వయొలిన్ ప్రొఫెసర్. ఈ కథ నాన్న వాడికి చెప్తుంటే విమానం సముద్రం మీదకొచ్చి తిరిగింది, ఎదురుగా హార్బరు, ఎడం పక్కన డాల్ఫిన్స్ నోస్. అమ్మ కూడా వచ్చి మన డాబా ఎక్కడ, నీళ్ళ ట్యాంకు ఏదీ అని వెతుకుతోంది. రన్‌వే 28 ఇంకా నాలుగు మైళ్ళుంది అంటున్నాడు వీడు.

కరెంటు పోయింది.

లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది గాని వైఫై పోయింది, ఊరి బొమ్మంతా నెట్ నుంచి వచ్చేదే కదా, కాసేపటికి వైజాగ్ మొత్తం ముద్దముద్దగా అయిపోయింది, తడిసిన వాటర్ కలర్ బొమ్మలాగ. రోడ్లు లేవు, ఇళ్ళు లేవు. నాన్న ఫోన్ డేటా మీద వయొలిన్ మాత్రం ఆగలేదు. వీడు "ఐ కాంట్ సీ ఎనీథింగ్" అంటున్నాడు. నాన్న చీకట్లోంచి, "ద్వారం వారికి చూపు సరిగ్గా ఆనేది కాదురా. వింటూ దించు" అన్నారు. వీడు ఇంజిన్ మోత వింటూ, ముళ్ళు చూసుకుంటూ దింపాడు. చక్రాలు నేలకి తగిలిన చప్పుడైంది, తర్వాత గడ్డిలోకి పోయి ఆగింది. 10 వేల అడుగుల రన్‌వే ఉండగా గడ్డిలోకే పోవాలా అని అమ్మ అడిగింది. ముగ్గురూ పగలబడి నవ్వుతున్నారు, నేను కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

డల్లాస్ వచ్చేశాం. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున్న ఆరున్నర. నాన్న కాఫీ గ్లాసుతో వీడియో కాల్‌లోకొస్తారు, ఆయన కచేరీ పెడతారు, వీడు విమానం తీస్తాడు. నేను అంట్లు తోముకుంటూ వింటాను, నోరు మెదపను.

నిన్న నాన్న ఒక గాయని కచేరీ పెట్టారు, ఐదు శృతి, రెండుకంటే బాగా పైన. వీడు లెక్కేసి, "తాతయ్యా, ఐదుకి 2,940 కావాలి, దీని రెడ్‌లైన్, అంటే దాటకూడని హద్దు, 2,700, ఇంజిన్ పోతుంది" అన్నాడు.

"అయితే కింది స్థాయిలో పెట్టుకోరా."

"అప్పుడు 1,470. గాల్లో నిలబడదు తాతయ్యా, దిగిపోతుంది."

నాన్న కాఫీ ఒక గుక్క తాగారు. "మరి దిగేటప్పుడు పెడతాలే ఆవిణ్ణి. ఇప్పుడెక్కడున్నావు?"

"తుని దాటాను" అన్నాడు.