అవ్వ గుర్తుపట్టింది నా కాలిని

మా వైపు శ్రీశైలానికి నడిచిపోయేది శివరాత్రికి. ఆ ఏడు నాకు సెలవు దొరకలేదు. అందుకే 2023 ఉగాదికి నాలుగు రోజుల ముందు ఆత్మకూరు దాటి, వెంకటాపురం దగ్గర నల్లమలలోకి అడుగుపెట్టాను. చూస్తే దారి పొడుగునా కన్నడమే. ఉగాది నడక వాళ్లది. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. బాగల్‌కోట, విజయపుర, రాయచూరు వైపు నుంచి రోజుల తరబడి నడిచి, పండక్కి కూతురికి చీర, రవికె, పసుపు కుంకుమ తీసుకుపోతారు. కొందరైతే మరగాళ్లెక్కి మరీ నడుస్తారు. దేవుడి దగ్గరికి పోతున్నామన్న బెరుకు ఎవరిలోనూ కనపడలేదు నాకు. బిడ్డ ఎట్లుందో చూడాలన్న తొందరే.

నాగలూటి వీరభద్రుడి గుడి దాటాక రాతిమెట్లు వస్తాయి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చదివిన గుర్తుతో, వాటిని తీరిగ్గా చూసుకుంటూ ఎక్కుదామనుకున్నా. నడక కోసమని కొన్న కొత్త బూట్లు ఆ ముచ్చట తీరనియ్యలేదు. సగం దూరానికే మడమ మీద బొబ్బ లేచింది. చుట్టూ అందరివీ వట్టి కాళ్లే. బూట్లున్నవాడికే కుంటి నడక.

దారిలో ఒకచోట అంబలి పోస్తుంటే రెండు గ్లాసులు తాగి వంద నోటు తీశాను. పోసేవాడు గరిటె ఆపి, "అన్నా, లోపలబెట్టు. నువ్వు తాగితే మాకే పుణ్యం. డబ్బులిచ్చి అది కూడా కొనుక్కుపోతావా?" అన్నాడు. వెనకవాళ్లు నవ్వారు. నోటు జేబులోకి పోయింది గానీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టడం చేతనవును నాకు. ఊరికే తీసుకోవడం ఎవరూ నేర్పలేదు.

పెద్దచెరువు దగ్గర చెట్టు కింద కూలబడి బూటు విప్పాను. బొబ్బ చితికి, సాక్సుకు అంటుకుపోయింది. పక్క గుంపులోంచి ఒక అవ్వ లేచి వచ్చింది. డెబ్బై ఏళ్లకు తక్కువుండవు. "తమ్మా, కూడ్రు" అంది. నేను కూర్చునే ఉన్నాను. లేవబోతానేమోనని ముందే భుజం మీద చెయ్యేసింది. ఆమెకు తెలుగు రాదు, నాకు కన్నడం అంతంత మాత్రం. నా పాదం లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. "వద్దవ్వా, కాలు..." అని వెనక్కి తీసుకోబోయాను. పెద్దావిడకు కాలు తగిలితేనే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆమె ఒళ్లో కాలు పెట్టి ఎట్లా కూర్చునేది? ఆమె పట్టు వదల్లేదు. సాక్సును నీళ్లతో తడిపి తడిపి, చర్మం లేవకుండా ఊడదీసింది. మూటలోంచి చిన్న సీసా తీసి ఆముదం పూసింది. పాత ఇల్కల్ చీర అంచు పళ్లతో కొరికి, పర్రున చింపి కట్టు కట్టింది. ముడి మడమ మీదికి రాకుండా పక్కకు వేసి, రెండుసార్లు వేలితో నొక్కి చూసుకుంది. ఆ తర్వాత గట్టి జొన్నరొట్టె విరిచి, దాని మీద శేంగా, అంటే వేరుశెనగ, చట్నీపొడి వేసి చేతిలో పెట్టింది. "తిన్ను." ఆ మాటకు తర్జుమా అక్కర్లేదు.

తినేదాకా ఎదురుగానే కూర్చుంది. మూటలో ఆకుపచ్చ చీర అంచు కనపడితే చేత్తో చూపించి అడిగాను. "నమ్మ మనీ మగళు" అంది, మా ఇంటి ఆడపిల్ల అని, కూతురి గురించి చెప్పే తల్లి ముఖం పెట్టి.

మరుసటి రోజు భీముని కొలను. లోయలోకి దిగడం ఒక ఎత్తు, అటువైపు కైలాసద్వారం దాకా ఎక్కడం ఒక ఎత్తు. మనవాళ్లు నడకలో "చేదుకో మల్లన్నా" అని కేకేస్తారు. బావిలో నీళ్లు చేదినట్టు నన్ను పైకి లాక్కో అని. చిన్నప్పుడు నాకది అరుపు మాత్రమే. ఆ ఎక్కుడులో బూట్లు మెడకు తగిలించుకుని, ఒక్కో మెట్టు మీద ఆగిపోతుంటే, పైనున్న ముక్కూమొహం తెలియని కుర్రాడొకడు చేయి కిందికి చాపాడు. పట్టుకుని ఎక్కాను. ఎక్కి చూస్తే వాడు అప్పటికే నా వెనకవాడికి చేయిస్తున్నాడు.

దర్శనమయ్యాక బస్టాండులో అవ్వ కనపడింది. పరుగులాంటి నడకతో పోయి "అవ్వా!" అన్నాను. నా ముఖం చూసింది, ఎవరో తెలియలేదు. ఎందుకు తెలుస్తుంది, దారిలో నాలాంటివాళ్లు ఎంతమందో! చూపు కిందికి దించింది. మట్టిగొట్టుకుపోయిన ఇల్కల్ అంచు కనపడగానే నోరంతా నవ్వు.

"కాల్ హెంగైతి, తమ్మా?" కాలెట్లుందని.

అక్కడే అరుగు మీద కూర్చుని, అడగకుండానే కాలు ఆమె వైపు చాపాను.