చాటుగా వినే మాస్ పాటలు పిల్లల దాకా ఎలా రావాలి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వెళ్లి విదేశాల్లో స్థిరపడిన చాలా ఇళ్లలో పాటలకు రెండు వాటాలు. పిల్లలు కారెక్కితే అన్నమయ్య కీర్తన, వాళ్లు బడి దగ్గర దిగగానే తీన్‌మార్ దరువు. ఆ రెండో వాటాను దాచాల్సిన పని లేదు. ఏరి ఇవ్వాలి, అంతే.

దాచినా ఎంతోకాలం దాగదు. ఫోన్ కారు బ్లూటూత్‌కి కలవగానే, చాలా కార్లలో రాత్రి ఆపిన పాట ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఒకే ఖాతా వాడితే మీరు విన్నవే పిల్లల ట్యాబ్‌లోనూ వరస కడతాయి. ఎవరి ఖాతా వాళ్లకు పెట్టండి. ‘ఎక్స్‌ప్లిసిట్’ (పిల్లలకు తగనిది) అనే గుర్తున్న పాటలను ఆపే యాప్ వడపోతను నమ్ముకోవద్దు. ఆ గుర్తు పాట విడుదల చేసేవాళ్లు పెడితేనే ఉంటుంది, వాళ్లు పెట్టకపోతే యాప్‌కి తెలియదు.

అసలు మన ఊరు మోటు మాటను ఎప్పుడూ వెలివేయలేదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టడం ఆనవాయితీ. జాతర అయిపోతే ఆ మాటలూ ఆగిపోతాయి. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద మనకు దక్కినవి 14 వేల దాకా ఉంటే, వాటిలో శృంగార కీర్తనలే ఎక్కువ. సువ్వి, జాజర, ఏల, గొబ్బి లాంటి జనం పాటల బాణీలను ఆయన కాదనలేదు. సరసం, దరువు మన సంస్కృతికి బయటివి అనుకుని సిగ్గుపడే తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి.

ఏరడానికి మంచి పద్ధతి ఒకటుంది. పాట సాహిత్యం కాగితం మీద రాసుకుని, బాణీ లేకుండా మామూలు మాటల్లా పైకి చదవండి. దరువు చాటున దాక్కున్నదంతా అప్పుడు బయటపడుతుంది. ఉత్త హుషారు, అర్థం లేని పదాల మోత అయితే ఏ వయసు వాళ్లకైనా పెట్టొచ్చు. మరదల్ని ఆటపట్టించే సరసం చిన్నపిల్లల తలకెక్కదు, దాన్ని పట్టించుకోకండి. వద్దన్న అమ్మాయి వెంట పడటం, ఒంటి రంగునో లావునో ఎగతాళి చేయడం, కులం గొప్పలు, తాగుడు గొప్పలు ఉంటే మాత్రం పక్కన పెట్టాలి. పదేళ్లు దాటిన పిల్లలకు ఎందుకు పక్కన పెట్టారో చెప్పాలి కూడా. మాటలు బాగున్నా దృశ్యం బాగుండని పాటలు బోలెడు. వాటిని వినిపించండి, చూపించొద్దు.

నేర్పేటప్పుడు పల్లవితో ఆగండి, నాలుగు పంక్తులు చాలు. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ముందు మాట లేకుండా చప్పట్లు: తకిట తకిట, ప్రతి ‘త’ మీద ఒక చప్పట. మన వైపు జాతరల్లో పలకల (తోలు డప్పుల) మీద మోగేది కూడా తరచుగా ఈ మూడు మాత్రల నడకే. చెయ్యి కుదిరాక యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించి మాటలు కలపాలి. నేరుగా అసలు వేగంతో మొదలుపెడితే పిల్లలు ఒత్తులు మింగేస్తారు, ‘ళ’ను ‘ల’ చేస్తారు, దీర్ఘాలు కురచవుతాయి. అలా ఒకసారి నోటికి పట్టిన తప్పును దిద్దడం చాలా కష్టం. గబగబ, చిటపట, గలగల లాంటి మాటలు వాచకాల్లో కన్నా ఈ పాటల్లో ఎక్కువ దొరుకుతాయి, పిల్లలు వాటిని ఇష్టంగా పట్టుకుంటారు.

ఎక్కువగా జరిగే పొరపాటు ‘రా’, ‘వే’, ‘ఒరే’లతో. పాటలో విన్నది విన్నట్టు పెద్దవాళ్ల మీద వాడేస్తారు. తిట్టకుండా, అదే రోజు పక్కనే సరైన మాట ఇవ్వండి: ‘చెప్పన్నా’, ‘రాక్కా’, ‘కూర్చోండి తాతా’. యాస విషయంలో మాత్రం దిద్దొద్దు. ఆదివారం తెలుగు బడిలో ‘ఎక్కడికి వెళ్తున్నావు’ నేర్చుకున్న పిల్లకు, ఊళ్లో అవ్వ ‘యాడికి పోతా ఉండావు’ అంటే అర్థం కాదు. సీమ యాస ఉన్న మాస్ పాట ఆ చెవిని తయారు చేస్తుంది.

నేర్చుకున్నది అవ్వకు వినిపించాలంటే సమయం చూసుకోండి. అమెరికా తూర్పు తీరంలో ఎండాకాలం రాత్రి ఎనిమిదిన్నర అంటే చిత్తూరులో తెల్లారి ఆరు. చలికాలంలో గంట తేడా వస్తుంది, అక్కడ ఏడవుతుంది. వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి పాడితే కలవదు, గొంతు అవతలికి ఆలస్యంగా చేరుతుంది. చెక్కభజనలో గురువు అన్నది దళం అందుకున్నట్టు, ఒక పంక్తి అవ్వ, తర్వాతి పంక్తి పిల్లలు పాడాలి. చప్పట్లు వినపడటం లేదని అవ్వ అంటే అది యాప్ పని, చప్పుళ్లను గోల అనుకుని కోసేస్తుంది. జూమ్‌లో అయితే ఆడియో సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.