మా ఊరిని దత్తత తీసుకుంటారంట

మా ఆఫీసులో సీఎస్ఆర్ డబ్బులు, అంటే కంపెనీ సమాజసేవకని పక్కన పెట్టేవి, మిగిలాయంట, మార్చిలోపల ఖర్చుపెట్టాల. బెంగళూరు మారతహళ్లి బ్రాంచిలో సగంమంది తెలుగువాళ్లమే, అందులోనూ అనంతపురం, కడప, చిత్తూరు వైపోళ్లు ఎక్కువ. "మీ వైపు ఏదైనా కరువు ఊరుంటే చెప్పండి, దత్తత తీసుకుందాం" అన్నారు. పెనుకొండ దగ్గర మా ఊరి పేరు నేనే ఇచ్చాను. వారం తిరక్కుండా ప్లాను తయారు: ఇంటికో సోలార్ లైటు, బడి గోడలకు రంగులు, రైతులకు ఒక యాప్. ఊళ్లో ఎవర్నీ ఒక్క మాట అడగలేదు.

ఫోన్లో అమ్మకు చెప్పాను. "లైట్లు ఉండాయి కదా పాపా, మళ్లా ఎవురికి?" అంది.

అమ్మ ఆడవాళ్ల పొదుపు సంఘం లీడరుగా చేసిన మనిషి. 2000లో పేదరికం తగ్గించను ప్రభుత్వం తెచ్చిన వెలుగు ప్రాజెక్టు మొదట ఆరు జిల్లాల్లో మొదలైంది, మా అనంతపురం అందులో ఒకటి. ప్రపంచ బ్యాంకు డబ్బే, కానీ పేదలెవరో ఊరే తేల్చాలన్నారు. రచ్చకట్ట ముందర ముగ్గుపిండితో ఊరంతా గీశారు. వీధులు, గుడి, చెరువు, ఒక్కో ఇంటికి ఒక్కో గడి. మేం పిల్లలం చుట్టూ చేరి ఎవరిల్లు యాడుందో చూపిస్తా ఉంటిమి. మిద్దె ఇల్లున్న ఒకాయన్ని ఆసాముల వరసలో పెడితే, ఆయన చేలోనే కూలికి పొయ్యే ఆమె లేచి, "మిద్దె ఉండాది, బోర్లన్నీ ఎండిపాయె. అప్పు మిద్దెకన్నా ఎత్తుండాది" అంది. అందరూ నవ్వినారు, ఆయన పేరు మాత్రం వరస మారింది. తెల్లకార్డున్న ఇంకొకాయనకు పక్కూళ్లో ట్రాక్టరు ఉందని కూడా అప్పుడే బయటపడింది. ఈ రెండు సంగతులూ ఏ ఆఫీసు రికార్డులోనూ లేవు.

ఆ పటం తర్వాత అమ్మవాళ్లు తీర్మానాల పుస్తకంలో ఒకటి రాసుకున్నారు: సంఘం డబ్బులోంచి కొత్త బోరుకు అప్పు లేదు. గొర్రెలకు, పాడావుకు, విత్తనానికి, ఆస్పత్రికి ఉంది. బోరుకు లేదు. మగవాళ్లు మండిపడ్డారు, మా నాయనైతే రెండు పూటలు అన్నం మానేశాడు. మా వైపు రైతును ముంచింది వాన ఒక్కటే అనుకుంటారు గానీ, పడని బోర్లకు చేసిన అప్పు తక్కువేం కాదు. బయటివాళ్లెవరైనా ఆ మాట చెప్పుంటే తరిమేసేవాళ్లు.

ఇంకొక పనీ చేశారు. కందులు ఊళ్లోనే సొంత కాటా పెట్టి కొన్నారు. అంతకుముందు వ్యాపారి తూకమే తూకం, తరుగు పేరుతో ఆయన తీసిందే లెక్క. సంఘం కాటా వచ్చిన ఏడు ఆయన కూడా తరుగు మాట ఎత్తలేదు. సంఘానికి అమ్మనివాళ్లకూ ఆ లాభం దక్కింది.

ఈ సంఘాల పద్ధతికి బెంగళూరుతో చుట్టరికం ఉందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. దొమ్మలూరులో మైరాడా ఆఫీసు ఉంది. 1968లో టిబెట్ శరణార్థులకు పునరావాసం కల్పించడానికి పుట్టిన సంస్థ అది. 1980ల నడుమ వాళ్లు పెట్టిన పెద్ద సహకార సంఘాలు చీలిపోతే, ఒకరినొకరు నమ్మే చిన్న గుంపుల వాళ్లు తీసుకున్న అప్పును తమ గుంపులోకే తిరిగి కట్టుకుంటామన్నారు. మైరాడావాళ్లు ఆ మాట విని సరేనన్నారు. 1992లో నాబార్డు (వ్యవసాయానికి, పల్లెలకు అప్పుల సంగతి చూసే జాతీయ బ్యాంకు) సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టడం మొదలుపెట్టడానికి వెనకున్న అనుభవాల్లో ఇదొకటి.

అంతా బాగే జరిగిందని చెప్పను. బ్యాంకు అప్పులు పెరిగేకొద్దీ మా ఊళ్లో మీటింగులు తగ్గాయి, సంతకాలు మిగిలాయి. చిన్న అప్పులిచ్చి వారం వారం వసూలు చేసే మైక్రోఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు అవే సంఘాల ఆడవాళ్ల గడపల్లో కూర్చున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను అదుపు చెయ్యను ఆర్డినెన్స్ తెచ్చేదాకా పోయింది ఆ కథ. సంఘాన్ని అప్పు తెచ్చే గుంపుగా చూస్తే ఎవరైనా దాన్ని వాడుకుంటారని నాకనిపిస్తుంది. ఎవరికి ముందు, దేనికి వద్దు అని తేల్చుకునే చోటుగా ఉన్నన్నాళ్లే దానికి బలం. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం కూడా సంఘాల ద్వారానే ఊళ్లోకొచ్చింది. అమ్మ ఇప్పుడు ఒట్టి చెనిక్కాయ వెయ్యడం మానేసింది. కంది, అనుములు, అలసందలు సాళ్ల మధ్య వేస్తాది. చెనిక్కాయ పోయిన ఏడు కందులన్నా ఇంటికొస్తాయని ఆమె లెక్క.

సరే, మా ఆఫీసు సీఎస్ఆర్ కమిటీ సంగతి. సోలార్ లైట్లు ఆపమని మెయిల్ పెట్టాను. గ్రామ సంఘంవాళ్లు మీటింగు పెట్టుకుని అడిగిందేమిటంటే, ఎలక్ట్రానిక్ కాటా, కళ్లంలో పంట తడవకుండా టార్పాలిన్లు, కాయలు దాచుకోను ఒక రేకుల షెడ్డు. షెడ్డు స్థలం ఎక్కడన్నది వాళ్లలో వాళ్లకే ఇంకా తెగలేదు, రెండు వీధులకు పంతం. మా మేనేజరు "అంటే ఫొటో ఎక్కడ దిగుతాం?" అన్నాడు. కాటా పక్కన నిలబడమన్నాను. హిందూపురం నుంచి కొటేషన్లు వచ్చాయి, గురువారం మీటింగులో పెడుతున్నాను.