ఏం కావాలో కాదు, ఏది ఆపాలో అడిగాం

మాది కోనసీమలో కాలువ చివరన ఉన్న ఊరు. నేను వార్డు మెంబర్ని. ఆ ఏడాది ఆర్థిక సంఘం నిధులు అనుకున్నంత రాలేదు, వచ్చినవాటిలో కొంత కరెంటు బకాయిల కింద పోయింది. అయినా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి కేంద్రం వారి ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించాల్సిందే.

మామూలుగా గ్రామసభ అంటే మైకులో చెప్పిస్తాం. పొద్దున్నే పనిలోకెళ్ళే వాళ్ళెవరూ రారు. వచ్చిన పెద్దలు సీసీ రోడ్డు రాయమంటారు, సంతకాలు, టీలు, అయిపోయింది. ఈసారి సభకు ముందే వీధివీధికీ వెళ్ళి అడుగుదామని కార్యదర్శి గారితో అన్నాను. రామాలయం అరుగు మీద కూర్చుంటే పేట (దళితవాడ) వాళ్ళు రారు, అది అందరికీ తెలిసిందే, పైకి ఎవరూ అనరు. అందుకని పేటలో కమ్యూనిటీ హాలు దగ్గర విడిగా కూర్చున్నాం. కొబ్బరి ఒలుపుకెళ్ళే ఆడవాళ్ళ కోసం చీకటి పడ్డాక, డ్వాక్రా మీటింగు జరిగే ఇంట్లో.

ఏం కావాలని అడిగితే అందరూ చాంతాడంత జాబితా చెబుతారు. మేం "డబ్బుల్లేవు, దేన్ని ఆపమంటారు?" అని అడిగాం. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒకాయన, "ఊరి మొగదల ఆర్చి అన్నారు కదండి, ముందు అది కొట్టేయండి" అన్నాడు. ఆ ఆర్చి అడిగినాయన అక్కడే ఉన్నాడు. ఆ గొడవ చల్లారడానికి చాలాసేపు పట్టింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అప్పటి 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాల్సి ఉండేది. మిగిలిన 40 శాతంతో ఊరికి అవసరమైన వేరే పనులు చేసుకునే వీలుండేది, కానీ జీతాలివ్వడానికి వీల్లేకపోయేది. అంటే రోడ్డుకు మిగిలేది అసలే కొంచెం. ఈ లెక్క బోర్డు మీద రాసి చూపించాక వాదనలు కాస్త తగ్గాయి. మురుగు కోడులో గుర్రపుడెక్క తీయించమని రైతులు గట్టిగానే అడిగారు. న్యాయమే, కానీ అది డ్రైన్ల శాఖది, పంచాయతీ చేతిలో లేదు. అర్జీ రాసిచ్చాం, అంతే.

నీళ్ళ సంగతి తేల్చింది మాత్రం ఆడవాళ్ళే. వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేస్తారు. ఆలోపే మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, నీళ్ళు వడకట్టే ఫిల్టర్ బెడ్లలో ఇసుక మార్చుకోవాలి. ఒకావిడ అంది: "రోడ్డు లేకపోతే బురదలో నడుస్తామండి, ఆ పచ్చనీళ్ళు మాత్రం పిల్లలకి పట్టలేం, ఆయ్."

గ్రామసభలో మొదటి పేరు ఫిల్టర్ ఇసుకకు, చెరువు శుభ్రానికి పడింది. పంచాయతీ ఆఫీసు రంగులు, ఆర్చి తీసేశాం. వీధిలైట్లలో పాడైనవే మారుస్తాం, కొత్త స్తంభాలు లేవు. రోడ్డును ఉపాధి హామీ మెటీరియల్ నిధుల్లో అడుగుతూ తీర్మానం రాశాం. వస్తుందని మాట ఇవ్వలేదు. "మా వీధి ఎప్పుడూ వెనకే" అని ఇద్దరు సంతకం పెట్టకుండా లేచిపోయారు. వాళ్ళన్నది తప్పని నేననను, ఆ వీధి నిజంగానే రెండు ప్రణాళికల నుంచీ వాయిదా పడుతోంది. వాళ్ళ అభ్యంతరం కూడా రిజిస్టర్‌లో రాయమన్నాను.

కాలువ కట్టే లోపే ఇసుక మార్చాం, చెరువూ నిండింది. ఇసుక తోలినాయన బిల్లు మాత్రం ఇంకా పడలేదు. కనబడినప్పుడల్లా నన్నే అడుగుతున్నాడు.