‘నీకెలా తెలుసు నాన్నా?’

ప్రవాసంలో పిల్లల్ని పెంచుతున్నవాళ్ల నోట తరచుగా వినే ఫిర్యాదు, పిల్లలు ఎదురు మాట్లాడుతున్నారని. ఇంట్లో మనం పెద్దల మాట వినమంటాం. బడిలో ఎవరు చెప్పినా ఆధారం అడగమంటారు. మా అమ్మాయి ఈ రెండింటి మధ్యా పెరుగుతోంది. ఎదురుచెప్పడం ఎలాగో తనకు, వినడం ఎలాగో నాకు అలవాటైంది మాత్రం అమెరికా, కెనడాల మధ్యనున్న సుపీరియర్ సరస్సు ఒడ్డున, అగేటు అనే చారల రాళ్లు ఏరుతూ.

సుమారు 110 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ నేల చీలి లావా పొంగింది. అది చల్లారాక గాలిబుడగల ఖాళీల్లోకి సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) కలిసిన నీరు చేరింది. ఆ సిలికా పొర మీద పొరగా పేరుకుని చాల్సిడొనీ అనే గట్టి రాయి అయింది. చారలున్న చాల్సిడొనీయే అగేటు. అక్కడి రాళ్ల ఎరుపు ఇనుము వల్ల వచ్చింది. ఆ తర్వాత ఎప్పటికో హిమానీనదాలు వాటిని పెకలించి దక్షిణానికి ఈడ్చుకొచ్చాయి. సరస్సు ఒడ్డునున్న అమెరికా రాష్ట్రం మిన్నెసోటా 1969లో ఈ రాయిని తన రాష్ట్ర రత్నంగా ప్రకటించుకుంది. మన దక్కను లావాల్లోనూ అగేట్లున్నాయి, ఆ లావాల వయసు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలని చెబితే, ‘అయితే అవి పసిపిల్లలే’ అంది మా అమ్మాయి.

వెతకడానికి ఎండ ఏటవాలుగా పడే వేళ మంచిది. తడి గులకరాళ్ల మీద సూర్యుడికి ఎదురుగా నడవాలి. మామూలు రాళ్లు మసకగా ఉంటాయి, అగేటు మాత్రం లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. తీసే ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోవడం తప్పనిసరి. జాతీయ పార్కుల్లోనూ, మిన్నెసోటా రాష్ట్ర పార్కుల్లోనూ గులకరాయి కూడా తీయకూడదు.

అసలు పని ఇంటికొచ్చాకే. ‘ఇది అగేటు’ అంటాను. ‘నీకెలా తెలుసు నాన్నా?’ అంటుంది. మా నాన్నను నేను ఆ మాట ఎన్నడూ అడగలేదు. మా అమ్మాయి అడగాలనే రాయిని తన చేతికిస్తాను.

వెనక టార్చి పెడుతుంది. పలుచని అంచుల్లోంచి కూడా వెలుగు రాకపోతే అది వెలుగు చొరని జాస్పర్ కావచ్చు, చారలున్న రయొలైటు అనే లావా రాయి కావచ్చు. పగిలిన చోట మైనపు మెరుపు, వంపు తిరిగిన పగులు కనిపించాలి. ఆ తర్వాత గాజుముక్కను బల్ల మీద పెట్టి, దాని మీద ఆ రాయితో గీస్తాం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో చాల్సిడొనీ గట్టిదనం 6.5 నుంచి 7, గాజుది సుమారు 5.5. కాబట్టి గీత పడి తీరాలి. కాల్సైటుకూ చారలుంటాయి, కానీ దాని గట్టిదనం 3. చాకు మొనకే గీసుకుపోతుంది. చారలు లేకుండా నారింజ ఎరుపులో ఉంటే కార్నీలియన్. లోపల పాచిలాంటి ఆకారాలుంటే మాస్ అగేటు. అందులో మొక్కేమీ ఉండదు, అవి ఇనుము, మాంగనీసు వంటి ఖనిజాలే. ముదురు నీలం, గులాబీ రంగుల్లో అమ్మే పలకలు చాలావరకు రంగు పట్టించినవి. చాల్సిడొనీలోని సూక్ష్మరంధ్రాలు రంగును పీల్చుకుంటాయి.

ఒక్కోసారి రాయి మా అమ్మాయి పక్షం వహిస్తుంది, ఒక్కోసారి నా పక్షం. ఎవరూ అలగకూడదన్నది మా ఒప్పందం. గొంతు పెంచకూడదన్నది నా షరతు. పెద్దల పట్ల మర్యాద అంటే మౌనంగా తలూపడం అని నేనిప్పుడు అనుకోవడం లేదు. చేతిలో రాయి పెట్టుకుని, కళ్లలోకి చూసి, మన్ననగా కాదని చెప్పగలగడం కూడా మర్యాదే.

మొన్న వీడియో కాల్‌లో మా నాన్న ఒక ఎర్రరాయిని చూసి పగడమన్నారు. ‘తాతయ్యా, పగడమైతే గాజు మీద గీత పడదండీ, చూడండి’ అని మా అమ్మాయి గీసి చూపించింది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, ‘ఏదీ, ఇంకోసారి గీయి తల్లీ’ అన్నారు. ఆ తర్వాత చారలు ఎలా పడ్డాయని అడిగారు. పొరల సంగతి చెప్పి, అవి అంత వరుసగా ఎందుకు పేరుకుంటాయో శాస్త్రవేత్తల మధ్య ఇంకా పూర్తిగా తేలలేదని కూడా చెప్పింది. అరగంట మాట్లాడుకున్నారు, నేను మధ్యలో కల్పించుకోలేదు.